చిప్పకు చిల్లు వేసే నత్తలు

సింగపూర్‌లోని యీషున్‌కు ఆవల, ఆ దేశాన్ని మలేషియా నుంచి వేరుచేసే జోహార్ జలసంధి ఒడ్డున ఆటు వేళ దొరికే చిప్పల్లో కొన్నింటికి గుండ్రని చిల్లు ఎలా పడుతుందని అక్కడి పాఠకులు వేసిన ప్రశ్నకు, వేటాడే నత్తలు వేస్తాయన్నది క్లుప్తమైన జవాబు. ఆ పనిలో ఆరితేరినవి రెండు కుటుంబాలు: ఇసుకలో దాగి తిరిగే చంద్రనత్తలు, అంటే నాటిసిడే కుటుంబం, రాళ్లనూ మడచెట్ల వేళ్లనూ పట్టుకుని బతికే మ్యూరిసిడే కుటుంబం. రెండింటి నోటిలోనూ రాడ్యులా అనే పళ్ల పట్టీ ఉంటుంది. దానిపై వరుసకు చంద్రనత్తకు ఏడు పళ్లు, మ్యూరిసిడ్ నత్తకు మూడే.

చిల్లు వేసేది ఈ పళ్లేనని చాలాకాలం నమ్మడం సహజమే. మ్యూరిసిడే కుటుంబపు మ్యూరెక్స్ నత్త నాలుకతో గుల్లలను తొలుస్తుందని 2,300 ఏళ్ల క్రితమే అరిస్టాటిల్ రాశాడు. 1891లో జర్మన్ శాస్త్రవేత్త షీమెంజ్ చంద్రనత్తలోని ఒక ప్రత్యేక గ్రంథిని చూపి, అది స్రవించే ఆమ్లమే చిప్పను కరిగిస్తుందని వాదించగా, తరువాతి వారిలో కొందరు ఆమ్లాన్ని పూర్తిగా కొట్టిపారేసి మళ్లీ పళ్లకే పట్టం కట్టారు. ఇరుపక్షాలూ సగం సత్యాన్నే పట్టుకుని మిగతా సగాన్ని కాదన్నాయి.

ఈ చిక్కును విప్పినవాడు అమెరికన్ శాస్త్రవేత్త మెల్బోర్న్ కారికర్. యూరోసాల్పింక్స్ అనే మ్యూరిసిడ్ నత్త ఆల్చిప్పను తొలిచే తీరును ఏళ్ల తరబడి గమనించిన ఆయన, నత్త మొదట తనకున్న అలాంటి గ్రంథిని చిప్పకు ఆనించి అరగంటకు దగ్గరగా కదలకుండా ఉంటుందని, తరువాత దాన్ని ముడుచుకుని తొండం చాచి, మెత్తబడిన పొరను రాడ్యులాతో నిమిషం పాటు గీకి తీసి, మళ్లీ గ్రంథిని సరిగ్గా అదే చోట పెడుతుందని నిరూపించాడు. 1967లో ఆయన బృందం కొలిచినప్పుడు ఆ గ్రంథి దగ్గర పీహెచ్ 3.8 వరకు పడిపోయింది. చిప్ప అంటే కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు, వాటిని బంధించే పలుచని ప్రొటీన్ పొరలు; గ్రంథి రసాయనం ఆ కట్టుబడిని సడలిస్తేనే పళ్లకు పట్టు దొరుకుతుంది, పళ్లు పైపొరను ఊడ్చేస్తేనే రసాయనానికి కొత్త తలం దొరుకుతుంది.

అసలు విశేషం ఆ గ్రంథి ఉన్న చోటిలో ఉంది. చంద్రనత్తకు అది తొండం కొసన, నోటి కిందుగా ఉంటే, మ్యూరిసిడ్ నత్తకు పాదం అడుగున ముందువైపు ఉంటుంది. ఒకే పూర్వీకుని నుంచి సంక్రమించిన అవయవం ఇంత వేర్వేరు చోట్ల స్థిరపడటం నమ్మశక్యం కాదు కనుక, చిల్లు వేసే విద్యను ఈ రెండు వంశాలూ విడివిడిగా సాధించాయని శాస్త్రజ్ఞులు భావిస్తారు. వర్గీకరణలోనూ చంద్రనత్తలు లిటోరినిమార్ఫాలో, మ్యూరిసిడ్లు నియోగాస్ట్రోపోడాలో దూరదూరంగా ఉన్నాయి. చిల్లులోనూ ఆ తేడా కనిపిస్తుంది: చంద్రనత్త వేసినది పైన వెడల్పుగా మొదలై లోపలికి సన్నబడుతుంది, మ్యూరిసిడ్ వేసినది చాలావరకు నిటారు గోడలతో ఉంటుంది.

ఇంతటి పనితనం గల జీవులు ఆ జలసంధిలో పరిశోధనకెక్కింది మాత్రం ఓడల రంగు వల్ల కావడం విచారకరం. ఓడల అడుగుకు జీవులు అంటకుండా పూసే రంగుల్లోని ట్రైబ్యూటైల్‌టిన్ వల్ల ఆడనత్తలకు మగ జననాంగం మొలిచే వికారాన్ని ఇంపోసెక్స్ అంటారు. జోహార్ జలసంధిలోని థైస్ గ్రడేటా, చికోరియస్ కపుసినస్ అనే రెండు మ్యూరిసిడ్ నత్తల్లో ఆ వికారపు తీవ్రతను కొలిచిన కె. ఎస్. టాన్ అధ్యయనం 1999లో వెలువడింది. అటువంటి రంగులపై అంతర్జాతీయ నిషేధం 2008 సెప్టెంబరులో గానీ అమలులోకి రాలేదు. థైస్ అనే పెద్ద ప్రజాతిని డీఎన్ఏ ఆధారంగా 2013లో విడదీసినందువల్ల, ఆ అధ్యయనంలోని మొదటి నత్తను నేటి జాబితాల్లో ఇండోథైస్ గ్రడేటా అనే పేరు కింద వెతకాలి.