చక్రానికి చోటెక్కడ?

క్రూజర్ మోటార్‌సైకిల్ కొన్నవాళ్లలో చాలామందికి కొన్నాళ్లు తిరగ్గానే ఒక కోరిక పుడుతుంది: బండి ఇంకాస్త కిందికి ఉంటే బాగుండునని. కొందరికి అది అందం కోసం. వెనక టైరు మడ్‌గార్డులోకి దూరిపోయినట్టు, బండి నేలకు అంటుకుని పోతున్నట్టు కనిపించాలి. మరికొందరికి అది అవసరం. సిగ్నల్ దగ్గర మునివేళ్లు మాత్రమే నేలకు ఆనేవాళ్లకు 241 కిలోల సూపర్ మీటియోర్ 650 లాంటి క్రూజర్‌ని వాలు రోడ్డు మీద నిలబెట్టి ఉంచడం భయపెట్టే పనే. రెండు పాదాలూ పూర్తిగా ఆనితే వచ్చే ధైర్యం వేరు. అందుకే మెకానిక్ దగ్గరికెళ్లి “ఓ ఇంచు దింపెయ్యన్నా” అంటారు. పూట తిరిగేలోగా అయిపోయే పనే అది. ఆ ఇంచు ఎందులోంచి తగ్గిందో మాత్రం అడిగేవాళ్లు తక్కువ.

బండి బరువును రెండు వాటాలుగా చూడాలి. ఇంజను, ఛాసిస్, ట్యాంకు, సీటు, సీటు మీద మనిషి, ఇదంతా స్ప్రింగుల పైనున్న వాటా. చక్రాలు, బ్రేకులు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్‌లో చాలా భాగం స్ప్రింగుల కింది వాటా. రోడ్డు మీద రాయి తగిలినప్పుడు కింది వాటా ఒక్కటే గబుక్కున పైకి లేచి, పై వాటాను ఉన్నచోటే ఉండనివ్వాలి. సస్పెన్షన్ చేసే పనంతా ఇదే. అలా లేవడానికి చక్రానికి పైన ఖాళీ కావాలి. ఎత్తైన అరుగు మీంచి దూకినవాడు నేల తగలగానే మోకాళ్లు వంచుతాడు. కాళ్లు బిగబట్టి అదే ఎత్తు నుంచి దూకితే నడుం జివ్వుమంటుంది. ఆపాల్సిన శక్తి మారకుండా, ఆపడానికి దొరికిన దూరం సగమైతే, సగటు బలం రెట్టింపవుతుంది. షాకబ్జార్‌లోని నూనె సన్నటి రంధ్రాల గుండా దూరుతూ ఆ శక్తిని వేడిగా మార్చి బండి ఊగులాటను ఆపుతుంది. అది కూడా దూరం దొరికితేనే చెయ్యగలిగే పని.

ఆ దూరం ఎంతుంటుందో చూద్దాం. సూపర్ మీటియోర్ ముందు చక్రం 120 మి.మీ., వెనక చక్రం 101 మి.మీ. కదలగలవు. అదే కంపెనీ తొలి హిమాలయన్‌లో ఈ అంకెలు 200, 180. అంటే క్రూజర్ పుట్టడమే తక్కువ చోటుతో పుట్టింది. సీటును 740 మి.మీ. ఎత్తులో పెట్టడానికి డిజైనర్లు చెయ్యగలిగింది చేసేశారు. మనం దించబోయేది అలా ఒకసారి దించిన బండినే.

పైగా ఆ 101 మి.మీ. అంతా గతుకులకు మిగలదు. మనిషి ఎక్కి కూర్చోగానే స్ప్రింగు కొంత కుంగుతుంది. మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు ఇలా కుంగడం మంచిదని సస్పెన్షన్ సరిచేసేవాళ్ల లెక్క. ఆ కుంగుడు వృథా కాదు. గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి జారి నేలను వదలకుండా ఉండేది దాని వల్లనే. మన ఉదాహరణలో 30 మి.మీ. అలా పోయిందనుకుంటే, పైకి లేవడానికి మిగిలింది 70. ఆ పైన ఇక మడ్‌గార్డు ఉంటుంది. మడ్‌గార్డు ఛాసిస్‌కి బిగించి ఉంటుంది కాబట్టి, బండిని దించడమంటే మడ్‌గార్డును చక్రం మీదికి దించడమే.

వెనక భాగాన్ని 25 మి.మీ. దించితే ఆ 70 కాస్తా 45 అవుతుంది. అదే గతుకును అంతలోనే ఆపాలంటే సగటు బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వెనక ఇంకొకరు కూర్చుని, పక్కన బ్యాగులు తగిలిస్తే ఇంకో 20 మి.మీ. కుంగడం పెద్ద విషయం కాదు. అప్పుడు మిగిలేది 25. ఓ మోస్తరు గుంతకే షాకబ్జార్ లోపలి రబ్బరు దిమ్మె దాకా నొక్కుకుపోయి ధన్‌మంటుంది. ఆ క్షణంలో స్ప్రింగూ లేదు, నూనే లేదు. దెబ్బ ఛాసిస్‌లోంచి సీటుకి, సీటులోంచి నేరుగా వెన్నుపూసకి చేరుతుంది. ఎక్కువ దెబ్బ ఎప్పుడూ వెనక కూర్చున్నవాళ్లకే, వాళ్ల కింద దాదాపు చక్రమే ఉంటుంది కనుక.

గట్టి స్ప్రింగు వేస్తే సరిపోదా? కొంతవరకు సరిపోతుంది, సరిగ్గా దించేవాళ్లు చేసేది కూడా అదే. కానీ స్ప్రింగు దాచుకునే శక్తి నొక్కుకున్న దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. 70 మి.మీ.లో ఆగేదాన్ని 45లో ఆపాలంటే గట్టిదనం దాదాపు రెండున్నర రెట్లు కావాలి. అంత గట్టి స్ప్రింగు మన బరువుకు పెద్దగా కుంగదు, కుంగకపోతే బండి మళ్లీ పైకి లేస్తుంది. దించిన దాంట్లో కొంత అక్కడే పోతుంది. పైగా చిన్న చిన్న గతుకులు కూడా నడుముకు తెలుస్తాయి.

చాలామంది మొదట చేసేది ప్రీలోడ్‌ని, అంటే స్ప్రింగును ముందే నొక్కి ఉంచే మేరను, తగ్గించడం. షాకబ్జార్ అడుగున మెట్లు మెట్లుగా ఉండే కాలర్‌ని సి ఆకారపు స్పానర్‌తో తిప్పడమే పని, ఖర్చేం లేదు. దీని గురించి ఒక అపోహ బలంగా ఉంది, ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని. స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందం మీద, చుట్ల సంఖ్య మీద, చుట్టు వ్యాసం మీద ఆధారపడుతుంది. కాలర్ వీటిలో దేన్నీ మార్చదు. అది మార్చేది బండి నిలబడే ఎత్తును. తగ్గిస్తే బండి కొంచెం దిగుతుంది, దిగినంతా పైనున్న ఖాళీలోంచే తగ్గుతుంది. అయినా మళ్లీ తిప్పితే మొదటికి వచ్చే పని కాబట్టి, ముందు దీనితో ప్రయత్నించడంలో తప్పులేదు.

నాకు నిజంగా భయం కలిగించేది ఇంకో పద్ధతి. షాకబ్జార్ కింది బోల్టుకి ఒక ఇనుప ముక్క తగిలించి, బిగించే చోటును జరిపేస్తారు. షాకబ్జార్ పాతదే, స్ప్రింగు పాతదే, ఖర్చు చాలా తక్కువ. షాకబ్జార్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు చక్రం ఎక్కడ ఆగాలో కంపెనీ లెక్కగట్టి పెట్టింది. బోల్టు చోటు మారితే ఆ ఆగేచోటు కూడా పైకి జరిగిపోతుంది. రబ్బరు దిమ్మె తగిలేలోగా టైరు మడ్‌గార్డుకి తగలొచ్చు. తిరుగుతున్న టైరు మడ్‌గార్డు లోపలి బోల్టుకో, వెనక లైటుకు వెళ్లే వైరుకో రాసుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అదే, దించడానికే తయారుచేసిన పొట్టి షాకబ్జార్‌లో పూర్తిగా నొక్కుకున్న పొడవును మార్చకుండా, చాచుకున్న పొడవును మాత్రమే తగ్గిస్తారు. చక్రం కదిలే దూరం తగ్గుతుంది గానీ టైరు మడ్‌గార్డును తాకదు. కొనేటప్పుడు అడగాల్సిన అంకె ఆ నొక్కుకున్న పొడవే.

వెనక మాత్రమే దించి ఊరుకుంటే స్టీరింగ్ కూడా మారిపోతుంది. ముందు ఫోర్కు నిలువుకు ఎంత వెనక్కి వాలి ఉందో దాన్ని రేక్ అంటారు. ఆ వాలు వల్ల స్టీరింగ్ తిరిగే అక్షం నేలను తాకే బిందువు, టైరు నేలను తాకే బిందువుకు కొంచెం ముందు పడుతుంది. ఆ రెంటి మధ్య దూరం ట్రెయిల్. బండి తనంతట తాను తిన్నగా పోయే గుణం చాలావరకు దీనిదే. 1500 మి.మీ. దూరంలో రెండు చక్రాలున్న బండికి వెనక 25 మి.మీ. దించితే మొత్తం బండి దాదాపు 1 డిగ్రీ వెనక్కి వాలుతుంది. మామూలు క్రూజర్ కొలతలతో లెక్కేస్తే ట్రెయిల్ ఓ 7 మి.మీ. పెరుగుతుంది. హైవే మీద అది హాయిగానే ఉంటుంది. ఇరుకు సందులో యూటర్న్ కొట్టేటప్పుడు హ్యాండిల్ బరువెక్కినట్టు, చక్రం లోపలికి పడిపోతున్నట్టు తెలుస్తుంది. ముందు మాత్రమే దించితే దీనికి వ్యతిరేకంగా, వేగంలో హ్యాండిల్ నిలకడ తగ్గుతుంది. అందుకే ఫోర్కు గొట్టాలను పట్టుల్లోంచి కొంచెం పైకి జరిపి, ముందు వెనకలను కలిపి దించాలి.

వెనక మాత్రమే దించితే వచ్చే ఆ ఒక్క డిగ్రీ హెడ్‌లైటుకీ వర్తిస్తుంది. 50 మీటర్ల దూరంలో వెలుగు 80 సెంటీమీటర్లకు పైగా పైకి లేస్తుంది. ఎదురుగా వచ్చేవాడి మోకాళ్ల దగ్గర పడాల్సిన వెలుగు కళ్లల్లో పడుతుంది. బండి దించినవాళ్లలో హెడ్‌లైటు కిందికి తిప్పుకున్నవాళ్లు ఎంతమందో! రాత్రి రోడ్డు మీద ఎదుటివాళ్లకు మనం చెయ్యాల్సిన కనీస న్యాయం అది. పక్క స్టాండు సంగతీ చూసుకోవాలి. బండి దిగింది గానీ స్టాండు పొడవు తగ్గలేదు కాబట్టి బండి నిటారుగా నిలబడుతుంది, ఎవరైనా ఆనుకుంటే అవతలి పక్కకు పడుతుంది.

మలుపుల్లో ఇంకో ఇబ్బంది. ఫుట్‌రెస్టు చివర బండి మధ్యగీత నుంచి 400 మి.మీ. పక్కన, నేలకు 250 మి.మీ. ఎత్తున ఉందనుకుందాం. అది నేలను గీసుకునే లోపు బండి 32 డిగ్రీలు వాలగలదు. 25 మి.మీ. దించితే 29 డిగ్రీల దగ్గరే గీసుకుంటుంది. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో మొదటిదానికి గంటకు 63 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చు, రెండోదానికి 60 దాటితే ఇనుము తారును కోస్తుంది. మడిచే ఫుట్‌రెస్టు అయితే గీసుకుని మడుచుకుంటుంది. దాని వెనకున్న సైలెన్సరో, ఛాసిస్ గొట్టమో తగిలితే టైరు నేలను వదిలేస్తుంది. శ్రీశైలం ఘాట్‌లో, అరకు ఘాట్‌లో మలుపు మధ్యలో గతుకు వస్తే సస్పెన్షన్ అప్పటికే సగం నొక్కుకుని ఉంటుంది కాబట్టి, కాగితం మీది డిగ్రీలు కూడా అక్కడ దొరకవు.

ఇక మన స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, 17 మీటర్ల వ్యాసార్థంతో ఉండాలి. అంత వెడల్పు మీదికి బండి ఎక్కితే రెండు చక్రాలూ దాని మీదే ఉంటాయి. లెక్కేస్తే, 1500 మి.మీ. దూరమున్న చక్రాల మధ్య పైకి పొడుచుకొచ్చేది 17 మి.మీ. కూడా ఉండదు. ఎంత దించిన క్రూజరైనా దాని మీంచి గీసుకోకుండా దాటిపోతుంది. చేటు చేసేవి కాలనీవాళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో పోసుకునే సన్నటి దిమ్మెలు. అడుగున్నర వెడల్పు లేని దిమ్మె మొత్తం రెండు చక్రాల మధ్య ఇమిడిపోతుంది, దాని ఎత్తంతా బండి కడుపుకే తగులుతుంది. సూపర్ మీటియోర్ గ్రౌండ్ క్లియరెన్స్ 135 మి.మీ. మనిషి ఎక్కి ఓ 25 కుంగితే 110. ఇంకో 25 దించితే 85. మామూలు దిమ్మె చాలు, ఇంజను కింది నూనె పాత్రకు సొట్ట పడటానికి. ఇలాంటి దిమ్మెలు లేని రోడ్ల కోసం అమెరికాలో పుట్టిన అలంకారాన్ని మన గల్లీలోకి తెచ్చుకునేటప్పుడు ఈ లెక్క తప్పనిసరి.

అమెరికాలో కూడా ఈ అందం ఊరికే రాలేదు. హార్లే డేవిడ్‌సన్ పెద్ద బండ్లకు వెనక సస్పెన్షన్ వచ్చిందే 1958లో, డ్యుయో గ్లైడ్‌తో. అంతకుముందు వెనక చక్రం ఛాసిస్‌కే బిగించి ఉండేది, ఆ గీత కంటికి ఎంతో శుభ్రంగా కనిపించేది. సస్పెన్షన్ వచ్చాక కూడా ఆ గీత మీద మోజు పోలేదు. 1977లో కంపెనీయే లో రైడర్ పేరుతో పొట్టి బండిని తెచ్చింది. 1984లో వచ్చిన సాఫ్ట్‌టెయిల్‌లో షాకబ్జార్లను బండి అడుగున పడుకోబెట్టి దాచేశారు. అందం దక్కింది, చక్రానికి కాస్త కదలికా దక్కింది. నన్నడిగితే ఆ శతాబ్దపు మోటార్‌సైకిల్ డిజైన్‌లో మెచ్చుకోదగ్గ పనుల్లో అదొకటి.

కాళ్లు అందకపోవడమే సమస్య అయితే చక్రం జోలికి వెళ్లకుండానే చాలావరకు తీరుతుంది. వెనక చక్రం దగ్గర 25 మి.మీ. దించినా, సీటు రెండు చక్రాల మధ్య ఉండటం వల్ల అక్కడ దిగేది ఓ 17 మి.మీ. మాత్రమే. సీట్లు కుట్టేవాడు నురుగులోంచి అంతకంటే ఎక్కువే తీయగలడు. ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యమని కూడా చాలామందికి తోచదు. తొడలు పక్కలకు చాచుకుపోతే కాలు పొడవు అక్కడే ఖర్చయిపోతుంది. ట్యాంకు దగ్గర సీటు అంచులు రెండు వైపులా కోసి సన్నం చేయిస్తే, ఎత్తు అంతే ఉన్నా మడమ కిందికి వస్తుంది. నురుగు తగ్గిన సీటు మీద దూరప్రయాణం కాస్త నొప్పి పుట్టిస్తుంది, నిజమే. అయినా ఆ నొప్పి మలుపులో పడేయదు. ఖరీదైన దారి ఇంకొకటి ఉంది. 2021లో హార్లే తన పాన్ అమెరికా 1250 స్పెషల్‌కి ఎలక్ట్రానిక్ ఏర్పాటు తెచ్చింది. ఆగబోతున్నప్పుడు బండి తానే కిందికి దిగుతుంది, కదలగానే మళ్లీ లేస్తుంది. ఆగినప్పుడు చక్రానికి ఖాళీతో పనిలేదు, పాదాలకు నేలతో పని. ఇంజనీర్లు ఆ తేడాను పట్టుకున్నారు.

ఇంత విన్నాక కూడా దించాలనిపిస్తే, పనయ్యాక పరీక్ష మాత్రం మానకండి. స్ప్రింగులు తీసేసి వెనక చక్రాన్ని పైకంటా ఎత్తి చూడమని మెకానిక్‌కి చెప్పండి. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేలు దూరాలి. ఫోర్కు మెరుపు గొట్టానికి ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగించండి, వెనక షాకబ్జార్ రాడ్డు మీద సన్నగా గ్రీజు పూయండి. రోజూ తిరిగే రోడ్డులో, రోజూ తిరిగే వేగంతో వెళ్లిరండి. టై జరిగినంత మేర, గ్రీజు తుడుచుకుపోయినంత మేర చక్రం వాడుకున్న చోటు. ఒక్కరే వెళ్లినప్పుడే ఆ గుర్తు చివరిదాకా చేరితే, వెనక ఎవరినీ ఎక్కించుకోకముందే పాత షాకబ్జార్లు తిరిగి బిగించాలి.