చైన్ సా మిషన్‌కు పెట్రోలులో ఏ ఆయిల్ కలపాలి? ఎంత కలపాలి?

తుఫాను వెళ్లిపోయాక తోటలో మొదటి పని, పడిపోయిన చెట్లను కోసి దారి చేసుకోవడమే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు ఈ అవసరం ఎంతటిదో అందరూ చూశారు. మామిడి కొమ్మల కత్తిరింపులోనూ, సరుగుడు, జామాయిల్ కోతలోనూ ఇప్పుడు చైన్ సా వాడకం మామూలైంది. ఏడాదిలో ఎక్కువ రోజులు మూలన ఉండి, అవసరం పడ్డప్పుడు ఒక్కసారిగా బరువు పని చేయాల్సిన యంత్రం ఇది. ఆయిల్ పాళ్లలో తేడా ఉంటే సరిగ్గా ఆ పనివేళలోనే ఇంజిన్ పట్టేస్తుంది. లీటరుకు నాలుగు చెంచాల ఆయిల్ దగ్గర చూసుకున్న పొదుపు పిస్టన్, సిలిండర్ మార్పిడి ఖర్చుగా తిరిగి వస్తుంది.

పెట్రోలులో ఆయిల్ ఎందుకు?

ఇప్పటి మోటారు సైకిళ్ల వంటి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లలో ఆయిల్‌కు వేరే గది ఉంటుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో అది లేదు. పెట్రోలుతో పాటు వెళ్లే ఆయిలే పిస్టన్‌కు, సిలిండర్‌కు, బేరింగులకు జిడ్డు అందిస్తుంది. చైన్ సా ఇంజిన్ నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరుగుతుంది, చల్లబడేది కేవలం గాలితోనే. ఆయిల్ లేని పెట్రోలు పోస్తే కొద్ది నిమిషాల్లోనే పిస్టన్ గీసుకుపోతుంది.

అంకెను ఇలా చదవాలి

50:1 అంటే 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్. 25 చిన్న అంకె కాబట్టి 25:1లో ఆయిల్ తక్కువని కొందరు పొరబడతారు. నిజానికి అందులో ఆయిల్ రెట్టింపు.

• 50:1 – లీటరుకు 20 మి.లీ., 5 లీటర్లకు 100 మి.లీ.
• 40:1 – లీటరుకు 25 మి.లీ., 5 లీటర్లకు 125 మి.లీ.
• 25:1 – లీటరుకు 40 మి.లీ., 5 లీటర్లకు 200 మి.లీ.

వీటిలో ఏది వాడాలో మిషన్‌తో వచ్చిన పుస్తకం చెబుతుంది. పక్క రైతు మిషన్‌ను చూసి నిర్ణయించుకోకూడదు. కొన్ని కంపెనీలు తమ సొంత ఆయిల్ వాడితే 50:1, వేరే ఆయిల్ అయితే 25:1 అని ఒకే పుస్తకంలో రెండు లెక్కలు ఇస్తాయి. కాబట్టి ఆయిల్ డబ్బా మారినప్పుడల్లా పాళ్లు కూడా సరిచూసుకోవాలి.

ఏ ఆయిల్ కొనాలి?

గాలితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజిన్ల కోసం తయారైన 2టీ ఆయిలే కొనాలి. డబ్బాపై జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని ఉంటే మంచిది. ఇవి తక్కువ పొగతో, మసి పెద్దగా చేరకుండా మండుతాయి. ఫోర్ స్ట్రోక్ బండ్లలో, ట్రాక్టర్లలో పోసే ఇంజిన్ ఆయిల్ ఇందుకు పనికిరాదు. అది శుభ్రంగా మండక ప్లగ్గుపైనా, సైలెన్సర్‌లోనూ మసి పేరుస్తుంది. బండి నుంచి తీసిన పాత ఆయిల్‌ను అసలే కలపరాదు. పడవ మోటార్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 రకం నీటితో చల్లబడే ఇంజిన్లది, దాన్నీ వాడవద్దు.

ఎక్కువ పోస్తే మంచిదేనా?

కాదు. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్గు తడిసి నల్లబడుతుంది, పొగ పెరుగుతుంది, ఇంజిన్ బలం తగ్గుతుంది. పొగ ఎక్కువగా ఉందని ఆయిల్ తగ్గించడమూ సరికాదు. ముందు పాళ్లు, ఆయిల్ రకం, ఎయిర్ ఫిల్టర్ చూసుకోవాలి. అవన్నీ బాగుంటే కార్బురేటర్‌ను మెకానిక్‌కు చూపించాలి.

ఇథనాల్‌తో జాగ్రత్త

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ బాగా చేరితే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి, ఆయిల్ పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. ఇంజిన్‌కు ఇంధనం తీసే గొట్టం ఉండేది అడుగునే. అంటే పాళ్లు సరిగ్గా కలిపినా ఇంజిన్‌కు ఆయిల్ అందదు. వానాకాలంలో ఈ ప్రమాదం ఎక్కువ. మిషన్ కొనేటప్పుడే ఎంత శాతం ఇథనాల్ వరకు పనికొస్తుందో డీలరును అడగాలి. రెండు మూడు వారాల్లో అయిపోయేంత మాత్రమే కలుపుకోవాలి. పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ దానంతట అది ఆగేవరకు నడిపి భద్రపరచాలి.

కలిపే పద్ధతి

1. మూత గట్టిగా బిగిసే శుభ్రమైన పెట్రోలు డబ్బా తీసుకోవాలి. నీటి సీసాలు, కూల్ డ్రింక్ సీసాలు వద్దు.
2. ముందు సగం పెట్రోలు పోసి, కొలిచిన ఆయిల్ మొత్తం కలిపి బాగా ఊపాలి. తర్వాత మిగతా పెట్రోలు పోసి మళ్లీ ఊపాలి.
3. ఆయిల్‌ను గీతలున్న కొలపాత్రతో గాని, సూది తీసేసిన సిరంజితో గాని కొలవాలి. పురుగు మందు మూతలతో కొలవకూడదు.
4. మిషన్ ట్యాంకులోనే పెట్రోలు, ఆయిల్ విడివిడిగా పోసి కలపకూడదు.
5. పోసే ప్రతిసారీ డబ్బాను ఊపాలి. ఇంజిన్ ఆపి, చల్లారాకే పోయాలి. బీడీ, సిగరెట్, పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు.
6. డబ్బాపై పాళ్లు, కలిపిన తేదీ రాసి పెట్టాలి.

మరో రెండు సంగతులు

చైన్ సాలో రెండు ట్యాంకులుంటాయి. ఒకటి పెట్రోలు మిశ్రమానికి, రెండోది చైన్‌కు జిడ్డు అందించే ఆయిల్‌కు. ఒకదానిలో పోయాల్సింది మరొకదానిలో పోయకుండా మూతల మీది గుర్తులు చూసుకోవాలి. పెట్రోలు పోసిన ప్రతిసారీ చైన్ ఆయిల్ కూడా నింపాలి.

పవర్ స్ప్రేయర్, గడ్డి కోసే బ్రష్ కట్టర్ కూడా ఉంటే ఒక్కోదాని పాళ్లు వేరుగా ఉండవచ్చు. వీటిలో ఫోర్ స్ట్రోక్ రకాలూ ఉన్నాయి. వాటిలో ఎక్కువవాటికి మిశ్రమం కాదు, మామూలు పెట్రోలే పోయాలి. ఇంట్లో ఒకరు కలిపితే ఇంకొకరు పోస్తుంటారు, కూలీలూ పోస్తుంటారు. అందుకే ప్రతి మిషన్ ట్యాంకు పక్కన దాని పాళ్లను చెరగని రంగుతో పెద్దగా రాయించండి. పుస్తకం పోయినా, చెప్పేవాళ్లు లేకపోయినా ఆ అంకె కళ్లెదుట ఉంటుంది.