కప్ప గుండెయు కొళాయి నీరును

కప్ప శరీరమునుండి వేరుచేసినను దాని గుండె వెంటనే ఆగిపోదు. తగిన ద్రవములో నుంచినచో గంటల తరబడి కొట్టుకొనుచునే యుండును. అట్టి ద్రవమును కనుగొన్నవాడు సిడ్నీ రింగర్ అను ఆంగ్ల వైద్యుడు.

రింగర్ లండను నగరమున రోగులను చూచుచు, మిగిలిన కాలమును ప్రయోగములకు వినియోగించెడివాడు. రక్తములోని లవణములు కప్ప గుండెపై చూపు ప్రభావమును గూర్చి ఆయన 1882లో ఒక వ్యాసమును ప్రకటించెను. పిమ్మట ఒక సంగతి బయటపడెను. ఆ ప్రయోగములలోని ఉప్పునీరు స్వేదన జలముతో గాక, కొళాయి నీటితో తయారైనది! రింగర్ వెంటనే స్వేదన జలముతో ప్రయోగమును మరల చేసెను. ఈసారి గుండె క్రమముగా నీరసించి ఆగిపోయెను. ఆ నీటిలో కొద్దిగా కాల్షియము లవణము కలుపగా మరల కొట్టుకొనసాగెను. కొళాయి నీటిలో నుండిన కాల్షియమే గుండెను నడిపినదని ఆయన గ్రహించెను. తన పొరపాటును దాచక 1883లో లోకమునకు వెల్లడించెను.

మన మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వాటి సారము రక్తపు పోటును పెంచునని 1894లో ఆలివర్, షేఫర్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ సారములోని అడ్రినలిన్‌ను జపాను దేశీయుడగు టకమీనె స్ఫటిక రూపమున వేరుచేసి, 1901లో వెల్లడించెను. భయము కలిగినపుడు మన గుండె దడదడలాడుటకు ఇదియు నొక కారణము.

రింగర్ ద్రవములోని గుండెపై అడ్రినలిన్ చుక్క వేసినచో అది వేగముగను, బలముగను కొట్టుకొనును. కాల్షియము లేని ద్రవములో ఎంత అడ్రినలిన్ వేసినను ఆ బలము రాదు. ఏల? అడ్రినలిన్ జీవకణము లోనికి పోదు. పైపొరను తాకి, కాల్షియము వచ్చు ద్వారములు మరింతగా తెరచుకొనునట్లు చేయును. లోనికి వచ్చిన కాల్షియమే కండరమును ముడుచుకొనజేయును. చెరువులో నీరు లేనిచో తూము ఎత్తి ప్రయోజనమేమి?

రక్తనాళపు ముక్కను కాల్షియము లేని ద్రవములో నుంచి ఇట్టి హార్మోనునే తగిలించినచో, అది ఒకమారు కొద్దిగా ముడుచుకొని సడలిపోవును. కణములో ముందే నిలువయున్న కాల్షియము అంతవరకే చాలును. రెండవమారు ఆ పాటి చలనమైనను కానరాదు. మరల కాల్షియము కలిపిన వెనుకనే పూర్వపు శక్తి తిరిగివచ్చును. అట్లని కాల్షియము మితిమీరినచో మేలు కలుగదు. అపుడు గుండె ముడుచుకొని సడలుట మానును. కావున కాల్షియము, పొటాషియము తగుపాళ్లలో నుండవలెను.

నేడు వైద్యశాలలలో రోగుల నరములలోనికి ఎక్కించు సెలైను సీసాలలో కొన్నిటిపై రింగర్ పేరు కానవచ్చును. తన తప్పును తానే వెదకి, నిర్భయముగా ఒప్పుకొనిన యొక వైద్యుని సత్యనిష్ఠ ఆ సీసాల వెనుక నున్నదని మనము మరువరాదు.