కనుమరుగైన కపిల

ఆదోనికి ఉత్తరమున, గుంతకల్లు–రాయచూరు రైలుమార్గముపై కోసిగి యున్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలోనిది. అవిభక్త కర్నూలు జిల్లా సగటు వర్షపాతము సుమారు 670 మిల్లీమీటర్లు మాత్రమే. వానను నమ్మి జొన్న, ప్రత్తి విత్తెడి ఈ సీమలో బావి గల రైతే తోట పెట్టగలిగెడివాడు. ఆ బావినీటిని పైకి తెచ్చిన సాధనము కపిల.

దానిని యంత్రమనుటకు సంకోచింప నక్కరలేదు. బావి యొడ్డున రెండు స్తంభములు, వాని నడుమ ఎత్తుగా గిలక, క్రింద ఒడ్డుకు ఆనుకొని ఒక దొర్లుడు కొయ్య. తోలుతో కుట్టిన బానకు అడుగున ఏనుగు తొండమువంటి గొట్టము. బాన మూతికి కట్టిన మోకు గిలకమీదుగాను, తొండము కొసకు కట్టిన సన్నని త్రాడు కొయ్యమీదుగాను వచ్చి ఎద్దుల కాడిని చేరును. బాన లేచుచున్నంతసేపు తొండము పైకి మడిగియుండి నీటిని జారనీయదు. ఒడ్డు చేరగానే గిలక బానను పైకి లాగును. సన్నని త్రాడు తొండమును తొట్టిలోనికి లాగును. నీరు తనంత తానే కాలువ పట్టును. బానను వంచుటకు వేరొక మనిషితో పనిలేదు. ఎద్దులు పల్లమునకు దిగుచు లాగుటచే వాని బరువుకూడ తోడ్పడును. తోలువాడు మోకుపై కూర్చుండి తన బరువును చేర్చి, పాట అందుకొనును.

తోలును ఊని బాన కుట్టినవారు మాదిగలు. గిలకను వడ్రంగి, ఇనుప కట్టును కమ్మరి చేసిరి. కళ్లమున వీరికి మేర కొలిచెడివారు. ఊరికి వెలుపల ఉంచబడినవారి చేతిపనివలననే ఊరి తోటలు తడిసినవి.

ఎద్దుకు బదులు గాలిచే నీరు తోడింపవచ్చునా యను ఆలోచనయు రాకపోలేదు. మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 20వ శతాబ్ది తొలి యేండ్లలో గాలిమరను పరీక్షించెను. కాని గాలి రైతు కోరిన వేళనే వీచదు. పల్లెలలో వ్యాపించినది ఆయిల్ ఇంజను; పిదప విద్యుత్ పంపు; ఆ పిదప బోరుబావి. కపిల ఒక్కొక్క బావివద్దనే ఆగిపోయినది.

దినమెల్ల ఎండలో శ్రమించిన మనిషికిని ఎద్దుకును పంపు విముక్తి నిచ్చినది. ఆ మేలును తక్కువ చేయరాదు. అయితే ఎద్దులు అలసి కాడి దించినప్పుడు బావికిని విశ్రాంతి లభించెడిది. రాత్రి ఊటతో నీరు మరల చేరెడిది. మోటారుకు అలసట లేదు. భూగర్భజలమును కాపాడుటకు 2002లో ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టమును చేసి, బోర్లకు హద్దులు విధింపవలసి వచ్చినది. కపిల నడచిన దినములలో ఆ హద్దును ఎద్దు మెడయే చెప్పెడిది.