‘దేవదాసు’ పోయిన తరువాత

తల్లి వైపు నుంచి పల్నాడులోని నరసరావుపేట మూలాలున్న విజయనిర్మల 44 సినిమాలకు దర్శకత్వం వహించారు. అన్ని సినిమాలు తీసిన మహిళ ప్రపంచంలో మరొకరు లేరని 2002లో గిన్నిస్ బుక్కు నమోదు చేసింది. పల్నాడు గర్వపడాల్సిన సంగతే. అయితే ఆ అంకె కన్నా ముందు చూడవలసింది 1974 నాటి ఓటమిని. అంతకు ముందు ఏడాది యద్దనపూడి సులోచనారాణి నవలతో తీసిన ‘మీనా’ బాగా ఆడింది. ఆ ఊపులో కృష్ణ హీరోగా ‘దేవదాసు’ తీస్తే, అక్కినేనిని ఆ పాత్రలో గుండెల్లో పెట్టుకున్న జనం ఒప్పుకోలేదు. అయినా 1976లో ఆమె ‘దేవుడే గెలిచాడు’ తీశారు. ‘దేవదాసు’ ఫ్లాపుతో ఆగిపోయి ఉంటే గిన్నిస్ మాటే లేదు.

ఆగిపోకపోవడానికి ప్రతిభ ఒక్కటే చాలలేదు. అప్పటికే ఆమె పేరున్న నటి, భర్త కృష్ణ అగ్రహీరో, వెనక సొంత నిర్మాణ సంస్థ. 1953లో మూడు భాషల్లో ‘చండీరాణి’ తీసిన భానుమతికి సొంత భరణీ సంస్థ ఉంది. సావిత్రి అయితే 1971లో తమిళ ‘ప్రాప్తం’ మీద తన డబ్బే పెట్టి నష్టపోయారు. అంటే ఆ రోజుల్లో దర్శకురాలి కుర్చీ దక్కింది ఆ కుర్చీని సొంతంగా కొనుక్కోగలిగిన వాళ్లకే. మాచర్లలోనో గురజాలలోనో కథలు రాసుకునే అమ్మాయికి ఇవేవీ ఉండవు. అలాంటి అండ లేకుండా, మణిరత్నం దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన సుధ కొంగర 2008లో ‘ఆంధ్రా అందగాడు’, 2010లో తమిళ ‘ద్రోహి’ తీశారు. రెండూ ఆడలేదు. తరువాతి సినిమా వచ్చింది 2016లో. ఆ ఆరేళ్లలో కథ కోసం చేసిన పరిశోధన కొంత ఉండవచ్చు. కానీ ‘అలా మొదలైంది’తో 2011లో హిట్టు కొట్టిన నందినీరెడ్డికి కూడా, 2013లో ‘జబర్దస్త్’ పోయాక మరో సినిమా విడుదలవడానికి మూడేళ్లు పట్టింది.

ఫ్లాపు పడితే మగ దర్శకులకూ తలుపులు మూసుకుంటాయి కదా అంటారు. నిజమే. అయితే మగవాడి ఫ్లాపు అతని ఒక్కడి ఖాతాలో పడుతుంది. ఆడదాని ఫ్లాపును ‘ఆడవాళ్లు తీస్తే ఇంతే’ అని తరువాత వచ్చే అమ్మాయి ఖాతాలో కూడా రాస్తారు. డబ్బు పెట్టేవాడికి భయం ఉండదా అన్న మాటకు జవాబు థియేటర్లలోనే దొరికింది: సుధ ‘గురు’ 2017లో, నందిని ‘ఓ బేబీ’ 2019లో జనం చూశారు. అసలు అసిస్టెంటుగా నిలబడటమే కష్టమైన చోట ఎంతమంది దర్శకత్వం దాకా రాగలరు? మలయాళ సినిమా రంగంలో మహిళల పరిస్థితిపై కేరళలో 2024లో బయటికొచ్చిన హేమ కమిటీ నివేదిక నిండా లైంగిక వేధింపులే కాదు, షూటింగు చోట్ల మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది లేవన్న ఫిర్యాదులూ ఉన్నాయి.