పరాయి ఊళ్లో పదిమంది

బతుకుతెరువు కోసం ఊరు విడిచిన కుటుంబానికి ముందుగా కావలసినవి పని, అద్దె ఇల్లు, పిల్లలకు బడి. ఇవి కుదిరిన తరువాత, పండుగనాడు ఎవరితో కలిసి దండం పెట్టుకోవాలి, ఇంట్లో మరణం సంభవిస్తే ఎవరు వస్తారు అన్న ప్రశ్న ఎదురవుతుంది. మనవాళ్లు దీనినే ‘నలుగురు కావాలి’ అన్న మాటతో చెబుతారు.

సోలాపూర్ నేతకార్మిక వాడలకు ఈ మాట విలువ బాగా తెలుసు. పంతొమ్మిదవ శతాబ్దం నుండి తెలంగాణ ప్రాంతపు పద్మశాలీలు అక్కడికి తరలివెళ్లి మగ్గాలపై, మిల్లులలో, అటుపై మరమగ్గాలపై స్థిరపడ్డారు. వీధిలో మరాఠీ, ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ కుటుంబాలను ఒకచోట చేర్చినది మార్కండేయస్వామి దేవాలయం. శ్రావణ పౌర్ణమినాటి రథోత్సవంలో, కొత్తగా వచ్చినవారు తమ ఇంటిపేరు చెప్పి బంధుత్వాలు వెదుక్కోవడం సహజం. అయితే అందరికీ పరాయి ఊళ్లో ఇటువంటి గుడి సిద్ధంగా ఉండదు. తెలుగువారిలోనే ఉన్న ఒక చిన్న సమూహం విషయం ఇందుకు ఉదాహరణ.

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో యూదు మతాన్ని ఆచరించే కొద్ది తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వారు తమను ‘బెనే ఎఫ్రాయిము’, అనగా ఎఫ్రాయిము సంతతి, అని చెప్పుకుంటారు. 1990 దశకం తొలినాళ్లలో అక్కడ ప్రార్థనామందిరాన్ని నెలకొల్పుకున్నారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం నుండి యూదులుగా గుర్తింపు మాత్రం వారికి లభించలేదు. కనుక వారిలో ఒకరు పనికోసం పరాయి ఊరు వెళితే, మందిరం ఎక్కడ ఉన్నదన్నదే కాక, లోపల తనను తమవాడిగా చూస్తారా లేదా అన్నది కూడా ప్రశ్నే.

యూదుల ఆచారంలో ఈ ప్రశ్నకు బరువు మరింత ఎక్కువ. ఒంటరిగానైనా ప్రార్థన చేసుకోవచ్చును గాని, కొన్ని ప్రార్థనలకు కనీసం పదిమంది ఉండి తీరాలి. ఆ కూటమిని ‘మిన్యాన్’ అంటారు. తోరా గ్రంథాన్ని సభలో చదవడానికి, తల్లిదండ్రులు మరణించినప్పుడు బిడ్డ చెప్పవలసిన ‘కద్దీష్’ ప్రార్థనకు ఈ పదిమంది అవసరం. అంటే, దూరదేశంలో ఉన్న కొడుకు తండ్రి ఋణం తీర్చుకోవడానికి తొమ్మిదిమంది అపరిచితుల సాయం కావాలి. సంప్రదాయ మందిరాలలో పురుషులను మాత్రమే లెక్కిస్తారు. ఢిల్లీలో 1956లో నిర్మించిన జూడా హయామ్ మందిరంలో స్త్రీలను కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి వచ్చింది.

సోలాపూర్‌లో నివసించే యూదునికి చేరువలో ఉన్న పెద్ద కేంద్రం, సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని పుణె. అక్కడ ఎర్రని కట్టడం కావడంతో ‘లాల్ దేవళ్’ అని పిలిచే ఓహెల్ డేవిడ్ మందిరం ఉంది. బాగ్దాదు నుండి వచ్చిన డేవిడ్ ససూన్ దానిని కట్టించారు. రాస్తాపేటలో బెనే ఇజ్రాయెల్ వారి మందిరం మరొకటి ఉంది. కొంకణ తీరంలో నూనె గానుగలు ఆడిస్తూ, శనివారం పని మానుకోవడం వల్ల ‘శనివార తేలీలు’ అనిపించుకున్న మరాఠీ యూదులే బెనే ఇజ్రాయెల్‌లు. ఇజ్రాయెల్‌లో వారి యూదత్వాన్ని కూడా కొందరు మతపెద్దలు శంకించారు. పోరాటం చేసిన పిమ్మట 1964లో వారికి సమానత్వం లభించింది.

కొత్తగా వెళ్లేవారు కొన్ని విషయాలు గమనించాలి. 2008 నవంబరులో ముంబయి నారిమన్ హౌస్‌పై ఉగ్రవాద దాడి జరిగిన తరువాత మందిరాల వద్ద కాపలా పెరిగింది. కాబట్టి ముందుగా తెలియపరచి, గుర్తింపుపత్రం వెంట తీసుకువెళ్లడం మేలు. వాకిట్లో తనిఖీ చేస్తే అది అవమానమని భావించనవసరం లేదు. విశ్రాంతి దినం శుక్రవారం సాయంత్రం మొదలై శనివారం రాత్రితో ముగుస్తుంది. ఆచారాన్ని గట్టిగా పాటించేవారు ఆ వేళల్లో వాహనం ఎక్కరు కాబట్టి, మందిరానికి నడిచి వెళ్లగల దూరంలో బస చూసుకోవాలి. పురుషులు తల కప్పుకోవాలి. స్త్రీలకు వేరే చోటు ఉంటుందా, ప్రార్థన ఏ భాషలో సాగుతుంది అన్నవి ముందే అడిగి తెలుసుకోవచ్చు.

ఆదరణ ఉన్నదీ లేనిదీ మొదటి రోజు పలకరింపుతో తేలదు. ప్రార్థన ముగిసిన పిమ్మట భోజనానికి పిలిచారా, మరుసటి వారం రాకపోతే ఎందుకు రాలేదని అడిగారా, పదిమందిలో ఒకరిగా లెక్కించారా అన్నవి చూడాలి. అడుగుపెట్టగానే వంశం గురించి ఆరా తీసేచోట కొత్తవాడు రెండవసారి గడప తొక్కడు.

ఈ మాట ఆతిథ్యం ఇచ్చేవారికి కూడా వర్తిస్తుంది. సోలాపూర్‌లో మూడు తరాలుగా పాతుకుపోయిన తెలుగు కుటుంబాలూ ఒకనాడు కొత్తగా వచ్చినవే. మన సరిహద్దు గ్రామాల నుండి ఈ ఏడాది అక్కడికి వెళ్లే పిల్లవాడు ఏ కులం వాడైనా, ఏ మతం వాడైనా, పండుగపూట అతడు తిన్నాడా లేదా అని అడిగే ఇల్లు ఆ వాడలో ఒక్కటైనా ఉండాలి.