పికప్పు బండికి క్రొత్త టైర్లు

డీజిల్ పికప్పు నేడు పెక్కు కుటుంబములకు ఇంటి బండి. అది తెల్లవారుజామున మిరప బస్తాలను యార్డుకు చేర్చును. మధ్యాహ్నము సిమెంటు మోసికొని వచ్చును. రెండు వరుసల సీట్లున్నచో పండుగనాడు ఇంటిల్లిపాదిని తిరునాళ్ళకు తీసికొనిపోవును. మన శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారమున 2016 నుండి ఇట్టి బండ్లు తయారగుచున్నవి. ఈ బండికి మొదటి టైర్లు అరిగినప్పుడు యజమానికి ఒక సందేహము కలుగును. పాత రకమునే వేయింపవలెనా, లేక లోతైన గాడులతో, దిట్టమైన దిమ్మెలతో కంటికి ఇంపుగా కనిపించు ‘ఆల్ టెరైన్’ టైర్లను కొనవలెనా?

ఈ ఎంపిక ఏల ముఖ్యమో ముందుగా చూతము. బండికి నేలతో గల సంబంధమంతయు నాలుగు చిన్న చోట్లలోనే యున్నది. ఒక టైరుపై 500 కిలోల బరువు, దానిలో 35 పౌనుల గాలి ఉన్నచో, అది నేలను తాకు చోటు రమారమి 200 చదరపు సెంటీమీటర్లు. అనగా ఒక పెద్ద అరచేయి పరచినంత. బ్రేకు పట్టినను, మలుపు తిరిగినను, వానలో జారక నిలిచినను ఆ నాలుగు అరచేతుల బలమే ఆధారము. కావున టైరును అందమునకై గాక, మన దారిని, మన బరువును చూచి కొనవలెను.

పికప్పు టైర్లు ముఖ్యముగా మూడు తెగలు. హైవే టైరుకు సన్నని గాడులు, దగ్గరి దిమ్మెలు ఉండును. తారు రోడ్డుపై చప్పుడు లేక, తేలికగా దొర్లును. మడ్ టైరుకు దిమ్మెలు పెద్దవి, ఎడములు వెడల్పైనవి. బురదను చిమ్మివేయుట దాని పని. తారుపై అది హోరెత్తును, త్వరగా అరుగును. ఆల్ టెరైన్ టైరు ఈ రెంటికి నడిమిది. దాని ప్రక్కగోడలు సాధారణముగా దళసరివి. కంకరకు, మొనదేలిన రాళ్ళకు అంత సులభముగా చీలవు. అయితే అది హైవే టైరుకన్న బరువైనది. ఆ బరువును త్రిప్పుటకు డీజిలు కొంత అధికముగా ఖర్చగును. తడి తారుపై బండి నిలుచుటకు పట్టు దూరము కూడ కొన్ని రకములలో ఎక్కువ.

విజయవాడ, హైదరాబాదుల నడుమ సరకు మోయు బండికి హైవే టైరే తగినది. మారేడుమిల్లి, అరకు ప్రాంతములలో ఘాటు దాటి మట్టిబాటల వెంట గూడెములకు పోవు బండికి, క్వారీ బాటలలో తిరుగు బండికి ఆల్ టెరైన్ టైరు వ్యర్థము కాదు. నల్లరేగడి విషయమున మాత్రము భ్రమ కూడదు. వానలో తడిసిన రేగడి గాడులలో నిండి, ఎంత మంచి టైరునైనను నున్నని గుండుగా మార్చివేయును. అట్టి పొలము గట్టున బండిని నిలిపి నడచి పోవుటయే క్షేమము.

ఇక దుకాణములో చూడవలసినవి. టైరు ప్రక్కగోడపై ‘245/70 ఆర్ 16’ వంటి గుర్తు ఉండును. 245 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 70 వంతులు. ఆర్ అనునది రేడియల్ కట్టుబడి. 16 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో. దాని ప్రక్కన ‘111 టి’ వంటి మరియొక గుర్తు ఉండును. పలువురు దీనిని చదువనే చదువరు. కాని బరువు మోయు బండికి ఇదియే ప్రాణము. 111 అనగా ఆ టైరు 1090 కిలోలు మోయగలదు. 107 అనగా 975 కిలోలు మాత్రమే. కొలత ఒకటే యైనను ఒక్కొక్క టైరుకు 115 కిలోల తేడా. వెనుక ఇరుసుకు 230 కిలోలు. పికప్పులో సరకు భారము విశేషముగా వెనుక ఇరుసుపైననే పడును. కావున బండితో వచ్చిన టైరు అంకెకన్న తక్కువ అంకె గల టైరును, ఎంత చౌకగా ఇచ్చినను, తీసికొనరాదు. బలము చాలని టైరు ఎండాకాలమున నిండు బరువుతో పరుగెత్తునప్పుడు లోలోపల వేడెక్కి పగులును. అక్షరము వేగమునకు గుర్తు. టి అనగా గంటకు 190 కిలోమీటర్లు.

ప్రక్కగోడపైననే నాలుగంకెల తేదీ కూడ ఉండును. ‘3024’ అని యున్నచో అది 2024వ సంవత్సరము 30వ వారమున తయారైనది. రబ్బరు వాడకున్నను కాలక్రమమున గట్టిపడును. కావున ఏండ్ల తరబడి గోదాములో పడియున్న సరకును తక్కువ ధరకు ఆశపడి కొనరాదు. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదో లేదో కూడ చూచుకొనవలెను.

కొందరు పెద్ద కొలతకు మారగోరుదురు. 245/70 ఆర్ 16 టైరు ఎత్తు సుమారు 749 మిల్లీమీటర్లు. 265/70 ఆర్ 16 టైరుది 777. బండి పైకి లేచునది 14 మిల్లీమీటర్లు మాత్రమే. అందుకు ప్రతిగా, మీటరు 60 చూపునప్పుడు బండి నిజముగా 62కు పైగా పరుగెత్తును. ఇంజను లాగుడు కొంత తగ్గును. మలుపులో టైరు మడ్డుగార్డుకు రాచుకొనవచ్చును. నిర్మాత అనుమతించిన కొలతలను దాటకుండుట చట్టరీత్యాను, బండి మేలు దృష్ట్యాను మంచిది.

నాలుగు చక్రములకును ఇంజను బలము పోవు బండికి నాలుగు టైర్లను ఒక్కసారే, ఒకే రకమువి మార్చుట ఉత్తమము. ముందు చక్రములు, వెనుక చక్రములు కలిసి తిరుగునట్లు బిగించినప్పుడు, అరిగిన టైరుకు, క్రొత్త టైరుకు గల వ్యాసపు తేడా గేర్లపై ఒత్తిడిగా పడును. వెనుక చక్రములతో మాత్రమే నడచు బండికి రెండే మార్చగలిగినచో ఆ రెండింటిని వెనుకనే వేయవలెను. ఖాళీ పికప్పు వెనుక భాగము తేలిక. తడి ఘాటురోడ్డుపై ముందుగా జారునది అదియే.

మార్చుటకు సమయ మెప్పుడు? మోటారు వాహనముల నిబంధనల ప్రకారము గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడుల అడుగున నున్న చిన్న రబ్బరు గట్లు పైభాగముతో సమమైనచో ఆ హద్దు వచ్చినదని తెలియవలెను. అయితే రోడ్డు మీది నీటిని త్రోసివేయునవి ఆ గాడులే గనుక, వానకాలమునకు ముందు 3 మిల్లీమీటర్లే మిగిలియున్నచో అప్పుడే మార్చుట వివేకము.

క్రొత్త టైర్లు వేయించిన పిదప మూడు పనులు మరువరాదు. చక్రముల అలైన్‌మెంటు సరిచూపింపవలెను. పది వేల కిలోమీటర్లకొకసారి టైర్లను ముందు వెనుకలుగా మార్పింపవలెను. బండి చల్లగా నున్నప్పుడు, డ్రైవరు తలుపు చట్రముపై గాని యజమాని పుస్తకములో గాని వ్రాసిన ప్రకారము గాలి పట్టింపవలెను. నిండు బరువుకు, ఖాళీ బండికి ఆ అంకెలు వేరుగా ఉండవచ్చును. స్టెప్నీకి కూడ గాలి చూపించుడు. అర్ధరాత్రి అడవిదారిలో ఆదుకొనవలసినది అదియే.

దుకాణమునకు పోవు ముందు శ్రోతలు ఒక కాగితముపై రెండు మాటలు వ్రాసికొనిన చాలును: నెలకు తిరుగు దూరములో తారు ఎంత, మట్టి ఎంత; ఎత్తు గరిష్ఠ బరువెంత. మట్టి, కంకర దారులు సగము వరకు ఉన్నచో ఆల్ టెరైన్ తీసికొనుడు. ఎప్పుడో ఒక్కసారి మాత్రమే అయినచో మంచి హైవే టైరు కొని, మిగిలిన సొమ్మును డీజిలుకు ఉంచుకొనుడు.